పరదేశంలో పసిబిడ్డ ఆయాసం – హాజిరా (అలైహి) పరుగు

మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేసి వచ్చిన తొలి రోజుల్లో ముహాజిర్లకు అక్కడి గాలీ నీరూ పడలేదు. హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) ఇద్దరూ తీవ్రమైన జ్వరంతో మంచం పట్టారు. జ్వరం కాస్త నెమ్మదించగానే బిలాల్ (రజి) గొంతెత్తి మక్కా లోయనూ, అక్కడి గడ్డినీ, నీటి చెలమలనూ, కొండలనూ తలచుకునేవారు. హజ్రత్ ఆయిషా (రజి) ఈ సంగతి వచ్చి చెప్పినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని మందలించలేదు. అల్లాహ్ కోసం ఇల్లు విడిచి వచ్చినవారికి ఇంటి బెంగ ఏమిటని అనలేదు. మక్కాలాగే, అంతకన్నా మిన్నగా మదీనాను తమకు ప్రియమైనదిగా చేయమనీ, దాన్ని ఆరోగ్యకరమైన చోటుగా మార్చమనీ, అక్కడి జ్వరాన్ని జుహ్ఫాకు తరలించమనీ అల్లాహ్‌ను వేడుకున్నారు (బుఖారీ).

పరాయిగడ్డ మీద జబ్బు చేస్తే ఒంటి బాధకు ఇంటి బెంగ తోడవుతుంది. జబ్బుపడింది పాలు తాగే పసికందు అయితే ఇక చెప్పేదేముంది! రాయచోటి, కడప, నెల్లూరు, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాదుల నుండి కువైట్‌కూ, సౌదీకీ, దుబాయ్‌కీ వెళ్ళి కాపురముంటున్న మన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. భర్త డ్యూటీకి వెళితే రాత్రి ఏ పదింటికో వస్తాడు. ఒక్కో ఫ్లాట్‌లో రెండు కుటుంబాలు. కిటికీ తెరిస్తే ఇసుక దుమ్ము, మూస్తే ఏసీ చల్లదనం. ఆ గదిలో ఆరేడు నెలల బిడ్డ ఛాతీలోంచి పిల్లికూతలు వినిపిస్తుంటాయి. దగ్గు తెర తెరలుగా వస్తుంది, తాగిన పాలు కక్కేస్తాడు. ఊళ్ళో అయితే అమ్మ ఉండేది, అత్త ఉండేది, పక్కింటి పెద్దమ్మ వచ్చి ఒళ్ళోకి తీసుకునేది. ఇక్కడ ఆ తల్లికి ఉన్నది ఫోను ఒక్కటే. ఆ ఫోనులో ఒకరు దిష్టి తగిలిందంటారు, ఒకరు తావీజు పంపుతామంటారు. ఇంకొకరు చలిగాలిలో తిప్పావని తిడతారు. మరొకరు, అల్లాహ్ మీద భారం వేసి ఊరుకోమంటారు.

ఈ చివరి మాటతోనే మొదలుపెడదాం. వినడానికి ఎంతో ధార్మికంగా ఉండే ఈ మాటను తప్పుగా అర్థం చేసుకుంటే పసిప్రాణానికే ముప్పు వస్తుంది.

పరదేశంలో పసిబిడ్డతో ఒంటరిగా మిగిలిన తల్లి గురించి మనకు చెప్పడానికి హజ్రత్ హాజిరా (అలైహి)ని మించిన ఉదాహరణ లేదు. ఒక తోలుసంచిలో ఖర్జూరాలు, ఒక తిత్తిలో నీళ్ళు ఇచ్చి, చెట్టూ చేమా లేని లోయలో ఆమెను దించి హజ్రత్ ఇబ్రాహీం (అలైహి) వెనుదిరిగారు. ఆమె వెంటపడి అడిగారు. ఆయన జవాబివ్వలేదు. చివరికి ఇది అల్లాహ్ ఆజ్ఞేనా అని అడిగారు. అవునన్నారు. అలా అయితే ఆయన మమ్మల్ని వృథా కానివ్వడు అని ఆమె తిరిగి వచ్చారు. ఇంతకన్నా గొప్ప తవక్కుల్ ఏముంటుంది? అయితే నీళ్ళు అయిపోయి, పాలు ఎండిపోయి, బిడ్డ దాహంతో కొట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు ఆ మహాసాధ్వి ఏం చేశారు? అల్లాహ్ మాట ఇచ్చాడు కదా అని చేతులు కట్టుకు కూర్చోలేదు. సఫా ఎక్కారు, ఎవరైనా కనబడతారేమోనని చూశారు. దిగి లోయలో పరుగెత్తారు, మర్వా ఎక్కారు. ఇలా ఏడుసార్లు తిరిగారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ వృత్తాంతం బుఖారీలో సవివరంగా ఉంది. నీళ్ళు దొరికింది సఫా మీద కాదు, మర్వా మీద కాదు. బిడ్డ దగ్గరే, దైవదూత నేలను తాకిన చోట జమ్‌జమ్ ఉబికింది. అయినా అల్లాహ్ ఆ పరుగును వ్యర్థం అనలేదు. ప్రళయం వరకు వచ్చే హాజీలందరికీ, ఉమ్రా చేసేవారందరికీ దాన్ని ఆరాధనగా చేశాడు.

అంటే బిడ్డ కోసం పరుగెత్తడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, తవక్కుల్‌లో భాగం. అర్ధరాత్రి టాక్సీ కోసం రోడ్డు మీద నిలబడిన తండ్రి, ఎమర్జెన్సీ వార్డు ముందు చీటీ పట్టుకొని కూర్చున్న తల్లి ఆ సఫా మర్వాల మధ్యనే ఉన్నారు.

దైవప్రవక్త (స) సన్నిధికి పల్లెవాసులు వచ్చి, మేము వైద్యం చేయించుకోవచ్చా అని అడిగారు. చేయించుకోమనీ, అల్లాహ్ ముసలితనం తప్ప ప్రతి జబ్బుకూ మందును పుట్టించాడనీ ఆయన సెలవిచ్చారు (అబూదావూద్, తిర్మిజీ). మందులు, రుఖ్యా, జాగ్రత్తలు అల్లాహ్ రాసిన విధిని మార్చగలవా అని మరొకరు అడిగితే, అవి కూడా అల్లాహ్ రాసిన విధిలోనివేనని చెప్పారు (తిర్మిజీ). ఇంతకుమించి వాదనకు తావు లేదు.

సహాబియాల్లో హజ్రత్ ఉమ్మె ఖైస్ బిన్తె మిహ్సన్ (రజి) తొలి ముహాజిర్ స్త్రీలలో ఒకరు. అంటే ఆమె కూడా పుట్టింటి ఊరు విడిచి పరాయి ఊరిలో బిడ్డను పెంచుకున్న తల్లే. ఆమె తన చిన్న కొడుకును దైవప్రవక్త (స) వద్దకు తీసుకువచ్చారు. ఆ బిడ్డకు గొంతువాపు. అప్పటి ఆచారం ప్రకారం ఆమె బిడ్డ గొంతులో వేలుపెట్టి వాపును నొక్కించారు. దైవప్రవక్త (స) అది చూసి, మీ పిల్లలను ఇలా గొంతు నొక్కి ఎందుకు హింసిస్తారని మందలించారు. దానికి బదులు ఊదె హిందీ, అంటే మనం చెంగల్వ కోష్టు అనే మూలికను వాడమని చెప్పారు (బుఖారీ). ఈ హదీసులో మన కంటికి ఆనేది మూలిక పేరు ఒక్కటే. దాని నూనె సీసా కొని బిడ్డ ముక్కులో వేద్దామా అని అడిగేవారు కూడా ఉన్నారు. మూలికలో మేలు ఉందన్న మాటను మనం మనసారా నమ్ముతాం. అయితే ఏ వయసు బిడ్డకు ఎంత, ఏ రూపంలో అన్నది తెలిసినవారు నిర్ణయించాలి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని కూడా ఆ ప్రవక్తే (స) చెప్పారు (అబూదావూద్, నసాయీ). హదీసులోని మొదటి సగాన్ని మాత్రం మనం మరచిపోతాం: వైద్యం పేరుతో పసిబిడ్డను హింసించవద్దు. డొక్కలెగరేస్తున్న బిడ్డ పొట్ట మీద వాతలు పెట్టేవారు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. వాతలు పెట్టి నయం చేయడం దైవప్రవక్త (స)కు ఇష్టం లేదని బుఖారీలోనే ఉంది. సెలవుకు ఊరికి తీసుకువచ్చిన బిడ్డకు నాయనమ్మ వాత పెట్టిస్తానంటే, గౌరవంగానే, కానీ గట్టిగా వద్దని చెప్పండి. అలాగే మృగశిర కార్తెకు హైదరాబాదు తెచ్చి చేపమందు వేయించమని సలహా ఇస్తారు. ఊపిరాడని పసివాడి గొంతులోకి బతికున్న చేపపిల్లను వదలడం ఏ రకంగా దయ అవుతుందో మాకైతే అర్థం కాదు.

ఇక పొగ సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇది మన చేతుల్లోనే ఉంది, పైసా ఖర్చు లేదు.

తెలుగు ఇళ్ళల్లో పసిబిడ్డకు తలంటి, బుట్ట కింద సాంబ్రాణి పొగ వేయడం తరతరాల అలవాటు. గల్ఫ్‌కు వెళ్ళాక సాంబ్రాణి స్థానంలో బఖూర్ వచ్చింది. శుక్రవారం వచ్చిందంటే గది నిండా ఊదు పొగ. దీనికి తోడు దిష్టి తీసి ఎండుమిరపకాయలు కాల్చే అలవాటు కొందరు ఫ్లాట్‌లోకి కూడా మోసుకువెళ్ళారు. ఘాటు వస్తే దిష్టి లేదని, రాకపోతే ఉందని లెక్క! మిరపకాయ కాలిస్తే పెద్దవాళ్ళకే ఉక్కిరిబిక్కిరి అవుతుంది, ఊపిరి గొట్టాలు వాచిపోయిన బిడ్డ గతేమిటి? సువాసన దైవప్రవక్త (స)కు ఎంతో ఇష్టమే. కానీ బిడ్డ పడుకున్న గదిలో పొగ వేయాలని ఏ హదీసులోనూ లేదు. దగ్గు ఉన్నా లేకున్నా పాలబిడ్డ ఉన్న ఇంట్లో బఖూర్, అగరబత్తి, దోమల చుట్టలు వాడకపోవడమే మేలు. సిగరెట్టు అన్నిటికన్నా చెడ్డది. బాల్కనీలో తాగి వచ్చినా ఆ వాసన, ఆ విషం బట్టలకు పట్టుకునే వస్తుంది. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవాడు సాటివారికి ఇబ్బంది కాకుండా మస్జిదుకు దూరంగా ఉండాలని ఆదేశించిన ధర్మం మనది. పొగతాగి వచ్చి ఆయాసపడే బిడ్డను ఎత్తుకోవడం గురించి ఆ ధర్మం ఏమంటుందో ఎవరి మనసును వారు అడగవచ్చు.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అనస్ (రజి) చెప్పిన ఒక సంఘటన ఉంది. దైవప్రవక్త (స) కుమారుడు, పాలు తాగే వయసులో ఉన్న ఇబ్రాహీంను మదీనాలో అబూ సైఫ్ అనే కమ్మరి ఇంట పాల కోసం ఉంచారు. దైవప్రవక్త (స) బిడ్డను చూడటానికి వెళ్ళేసరికి అబూ సైఫ్ కొలిమి తిత్తి ఊదుతున్నారు, ఇల్లంతా పొగ నిండిపోయింది. అనస్ (రజి) ముందుగా పరుగున వెళ్ళి, దైవప్రవక్త (స) వస్తున్నారు, ఆపమన్నారు. ఆయన ఆపేశారు. ఒక గౌరవనీయుడు ఇంట అడుగుపెడుతున్నాడంటే పొగ ఆపేయడం వారి మర్యాద. మన ఇంట్లో అల్లాహ్ అమానత్‌గా ఇచ్చిన అతిథి ఉయ్యాలలో పడుకొని ఉన్నాడు కదా!

ఏసీ గురించి అడుగుతుంటారు. ఎండాకాలంలో అది లేకుండా అక్కడ బతకలేం. కాబట్టి మానమనడం లేదు. గాలి నేరుగా బిడ్డ మీదికి రాకుండా చూసుకోండి, లోపలి జాలీని తీసి దుమ్ము కడుగుతూ ఉండండి. ఇసుక తుఫాను రోజున కిటికీలు మూసి, తడిగుడ్డతో నేల తుడవండి.

ఏడాది లోపు పిల్లలకు వచ్చే పిల్లికూతల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు వాచి, జిగురు పేరుకుంటుంది. చలికాలంలో ఇది ఎక్కువ. మొదట ముక్కు కారుతుంది, తర్వాత మూడు నుండి ఐదు రోజుల మధ్య ఆయాసం బాగా పెరుగుతుంది, ఆ పైన మెల్లగా తగ్గుముఖం పడుతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు వదలకపోవచ్చు. వైరస్‌కు యాంటీబయాటిక్ పని చేయదు. రెండో రోజే తగ్గలేదని డాక్టరును మార్చి, మూడో రోజు ఇంకొకరి దగ్గరకు వెళ్ళి, మూడు చీటీల మందులూ కలిపి పోయడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ముక్కు మూసుకుపోయిన బిడ్డ పాలు తాగలేడు. పాలు పట్టే ముందు ఉప్పునీటి చుక్కలు వేసి ముక్కు శుభ్రం చేసి, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పాలివ్వడం ఆ రోజుల్లో అన్నిటికన్నా పెద్ద మందు. పాలిచ్చే తల్లికి రమజానులో ఉపవాసం విషయంలో అల్లాహ్ సడలింపు ఇచ్చాడు. బిడ్డ జబ్బుగా ఉన్నప్పుడు ఆ సడలింపును వాడుకోవడానికి సంకోచించనక్కరలేదు. తప్పిన రోజాల సంగతి తర్వాత ఉలమాలను అడిగి తెలుసుకోవచ్చు.

ఇలా కూతలు వచ్చిన ప్రతి బిడ్డకూ ఉబ్బసం ఉన్నట్టు కాదు. చాలామందికి బడికి వెళ్ళే వయసు వచ్చేసరికి అది పోతుంది. ఆడపిల్ల అయితే రేపు సంబంధాలు రావని జబ్బును దాచిపెట్టే ఇళ్ళున్నాయి. మందుపొగ పట్టే మిషన్ అలవాటైతే జీవితాంతం వదలదని డాక్టరు రాసినా పట్టనివ్వని పెద్దలున్నారు. అది వ్యసనం కాదు. అవసరమైన బిడ్డకే డాక్టరు రాస్తారు, అవసరం లేకపోతే రాయరు.

ఊరి నుండి వచ్చేవారి పెట్టెలో దగ్గు సిరప్ తెప్పించుకోవడం మనవారిలో బాగా ఉన్న అలవాటు. దీని విషయంలో మేము కొంచెం కఠినంగానే చెప్పదలచాం. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు పోయవద్దని 2008లోనే అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. కొన్ని జలుబు మందుల మిశ్రమాన్ని నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదని మన దేశ ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపదార్థం కలిసిన సిరప్ తాగి కిడ్నీలు చెడిపోయి ఎంతమంది పసివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారో అందరం చూశాం. పైగా కొన్ని రకాల దగ్గు మందులు గల్ఫ్ దేశాల్లో నిషేధిత జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా పట్టుబడితే తెచ్చిన మనిషి జైలు పాలవుతాడు. కర్పూరం కాచిన కొబ్బరినూనె ఛాతీకి రాయడం కూడా మానండి. కర్పూరం పసివాళ్ళకు ప్రమాదకరం. మరిగే నీళ్ళ గిన్నె దగ్గర కూర్చోబెట్టి ఆవిరి పట్టబోయి ఒళ్ళు కాల్చుకున్న పిల్లలూ ఉన్నారు.

తేనె దగ్గర చాలామంది విశ్వాసులు తడబడతారు. తేనెలో ప్రజలకు స్వస్థత ఉందని దివ్య ఖుర్ఆన్ అన్ నహ్ల్ సూరాలో అల్లాహ్ స్వయంగా ప్రకటించాడు. మరి డాక్టర్లు ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దంటున్నారేమిటి, ఇది ఈమాన్ మీద దెబ్బ కాదా అని అడుగుతారు. కాదు. తేనెలో ఒక్కోసారి ఉండే సూక్ష్మక్రిమి బీజాలను పెద్దవాళ్ళ పేగులు అణిచేస్తాయి, పాలబిడ్డ పేగులు అణచలేవు. దాని వల్ల కండరాలు చచ్చుబడిపోయే జబ్బు వస్తుంది. ఆహారంగా గోధుమరొట్టె కూడా అల్లాహ్ వరమే, మూడు నెలల బిడ్డ నోట్లో పెడతామా? అందరికీ, అన్ని వయసుల్లో తేనె పోయమని ఆయతులో ఆజ్ఞ లేదు. తహ్నీక్ కోసం తేనె కావాలనుకునేవారు గమనించండి. మదీనాలో ముహాజిర్లకు పుట్టిన తొలి బిడ్డ హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి)కు దైవప్రవక్త (స) ఖర్జూరం నమిలి ఆ గుజ్జునే అంగిట రాశారు. ఏడాది దాటాక, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు దగ్గు రాత్రుల్లో చెంచాడు తేనె పట్టవచ్చు, డాక్టర్లూ కాదనరు.

ఎప్పుడు ఇంట్లో ఉండి చూసుకోవచ్చు, ఎప్పుడు పరుగెత్తాలి? బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నెలల నుండి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా ఎక్కువ, ఏడాది నుండి ఐదేళ్ళ లోపు పిల్లలకు 40 లేదా ఎక్కువ ఉంటే అది వేగంగా పీలుస్తున్నట్టు, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. డొక్కలెగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు వస్తున్నా, పాలు మానేసినా, మత్తుగా పడి ఉన్నా తెల్లారనిద్దాం అనుకోకండి. పెదవులు నీలంగా మారినా, ఊపిరి మధ్యలో ఆగుతున్నా అంబులెన్సు పిలవాల్సిందే. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే దగ్గు లేకపోయినా ఆసుపత్రికే. కువైట్‌లో 112, సౌదీలో 997, యూఏఈలో 998, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, ఒమాన్‌లో 9999. వీటిని వంటింటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. భాష రాదని భయపడే తల్లి, బిల్డింగు పేరు, రోడ్డు పేరు, బ్లాకు నంబరు అరబీలోనో ఇంగ్లీషులోనో రాయించి పక్కనే పెట్టుకుంటే సరిపోతుంది.

వీసా సమస్య ఉందనో, ఇన్సూరెన్సు లేదనో, డబ్బు లేదనో వెనకాడేవారు ఉన్నారు. అప్పు తీర్చుకోవచ్చు. జమాఅత్ సోదరులను అడగవచ్చు, అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆపదలో చిక్కుకున్న కుటుంబానికి సాయం చేయడం వారి బాధ్యత.

వైద్యంతోపాటు దుఆ. దిష్టి నిజమేనని హదీసులో ఉంది (ముస్లిం). దానికి మందు మిరపకాయల్లో లేదు, అల్లాహ్ వాక్కులో ఉంది. దైవప్రవక్త (స) తన మనవళ్ళు హసన్, హుసైన్ (రజి)ల కోసం అల్లాహ్ శరణు వేడేవారు. తన కుమారులు ఇస్మాయీల్, ఇస్‌హాఖ్ (అలైహి)ల కోసం హజ్రత్ ఇబ్రాహీం (అలైహి) కూడా ఇవే మాటలతో వేడేవారని చెప్పేవారు (బుఖారీ). ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు చదివి అరచేతుల్లో ఊది ఒంటిని తడమడం ఆయన అలవాటు. ఇవన్నీ తల్లి తన పడక మీదే, ఎవరి దగ్గరకూ వెళ్ళకుండా, ఎవరికీ రుసుము చెల్లించకుండా చేసుకోవచ్చు. ఊరి నుండి కొరియర్‌లో వచ్చిన తావీజును పసివాడి మెడలో కట్టడం మాత్రం వద్దు. తావీజు కట్టుకోవడాన్ని దైవప్రవక్త (స) షిర్క్ అన్నారు (ముస్నద్ అహ్మద్). మెడ చుట్టూ బిగిసిన దారం ఊపిరికి కూడా ప్రమాదమే.

తల్లిని నిందించడం ఆపాలని అత్తమామలకూ, భర్తలకూ మా మనవి. బిడ్డ జబ్బు తల్లి పాపఫలం కాదు. ఒకరి భారాన్ని మరొకరు మోయరని అల్లాహ్ అన్ ఆమ్ సూరాలో స్పష్టంగా చెప్పాడు. విశ్వాసికి కలిగే అలసట, దిగులు, చివరికి కాలికి గుచ్చుకున్న ముల్లు కూడా అతని పాపాలను కడిగేస్తుందని హదీసు (బుఖారీ). అలాంటప్పుడు వారం రోజులుగా బిడ్డను భుజాన వేసుకొని నిద్ర లేకుండా కూర్చున్న ఆమెకు ఎంత పుణ్యం! నమాజులో ఉండగా పసిబిడ్డ ఏడుపు వినబడితే, తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని దైవప్రవక్త (స) నమాజును తగ్గించేవారు (బుఖారీ, ముస్లిం). సామూహిక నమాజునే కుదించేంతటి గౌరవాన్ని ఆ తల్లడిల్లడానికి ఆయన ఇచ్చారు. భర్తలు ఫోను పక్కన పెట్టి ఒక రాత్రి సగం బిడ్డను ఎత్తుకోవడం అంత కష్టమా? దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో ఉండేవారనీ, నమాజు వేళకు లేచి వెళ్ళేవారనీ ఆయిషా (రజి) చెప్పారు. రోగిని చూసుకునేవారు ఎవరూ లేకపోతే జమాఅత్‌కు వెళ్ళకపోయినా తప్పు లేదని ఫిఖ్హ్ గ్రంథాల్లో ఉంది.

బిడ్డను తీసుకొని ఊరికి వెళ్ళిపోనా అన్న ప్రశ్న ఈ సమయంలోనే వస్తుంది. పాలు మాన్పించడం వంటి విషయంలో కూడా భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో, సంప్రదించుకొని నిర్ణయించుకోవాలని అల్లాహ్ బఖరా సూరాలో ఆదేశించాడు. భర్త ఒక్కడే టికెట్ బుక్ చేయడం గానీ, పుట్టింటివారు ఒత్తిడి చేయడం గానీ తగదు. ఆయాసం ఉండగా విమానం ఎక్కించకండి. పైన గాలి పలచగా ఉంటుంది, ముందు డాక్టరు అనుమతి తీసుకోవాలి. ఊళ్ళో వైరస్ ఉండదనుకోవడం కూడా భ్రమే. టీకాలు మాత్రం వేళ తప్పించవద్దు. కోరింత దగ్గు టీకా, ఆరు నెలలు దాటాక ఫ్లూ టీకా వేయించండి. పసిపిల్లల్లో ఇలాంటి ఆయాసానికి ముఖ్య కారణమైన ఆర్‌ఎస్‌వీ వైరస్ కోసం గర్భిణులకు టీకా, పుట్టిన బిడ్డకు సూది 2023 నుండి కొన్ని దేశాల్లో వచ్చాయి. మీరున్న చోట దొరుకుతాయేమో అడగండి.

ఇంత చేసినా ఒక్కోసారి అల్లాహ్ నిర్ణయం వేరేగా ఉంటుంది. పొగ ఆపేసిన ఆ కమ్మరి ఇంట్లో దైవప్రవక్త (స) తన బిడ్డను దగ్గరకు తీసుకున్నారు. కొన్నాళ్ళకు అదే బిడ్డ ఆయన కళ్ళ ముందే ప్రాణం విడిచాడు. ఆయన కన్నీరు కార్చారు. కళ్ళు చెమర్చడం, గుండె బరువెక్కడం తప్పు కాదనీ, నోట మాత్రం ప్రభువుకు నచ్చని మాట రాకూడదనీ చెప్పారు. బిడ్డ కోసం ఏడ్చే తల్లిని ఈమాన్ లేదని అనేవారు ఈ హదీసును మరోసారి చదవాలి.

ఇప్పుడు ఇరుగుపొరుగు సంగతి. జమ్‌జమ్ పుట్టిన తర్వాత జుర్హుమ్ తెగవారు వచ్చి, ఇక్కడ దిగవచ్చా అని హాజిరా (అలైహి)ను అడిగారు. నీటి మీద హక్కు ఉండదన్న షరతుతో ఆమె ఒప్పుకున్నారు. మనుషుల తోడు కోరుకున్న ఆమెకు అది సంతోషం కలిగించిందని దైవప్రవక్త (స) చెప్పారు. నీళ్ళు దొరికినా మనిషికి మనిషి కావాలి. అదే బిల్డింగులో ఉన్న తెలుగు సోదరీమణులు ఒక పూట అన్నం వండి పంపవచ్చు, పెద్దపిల్లవాడిని బడి నుండి తీసుకురావచ్చు. మీకు జలుబు ఉంటే మాత్రం పరామర్శ గుమ్మం దగ్గరే ఆపండి, బిడ్డను ముద్దాడకండి. జబ్బు ఒంటెలను మంచి ఒంటెల దగ్గరకు తోలవద్దని హదీసులో ఉంది. కారున్న సోదరులు, పసిపిల్లలున్న పక్కింటివారికి మీ ఫోను నంబరు ఇచ్చి, రాత్రి రెండింటికైనా మొహమాటపడకుండా తలుపు కొట్టమని ఈ రోజే చెప్పి రండి.